కాకిబంగారం

బల్లారట్‌లో జూలై అంటే
షెడ్డు రేకుల మీద పేరుకున్న మంచు
పదింటికి గానీ చుక్కలు చుక్కలుగా దిగదు.
పెట్టెలో మడిచిపెట్టిన టీషర్టులక్కూడా నెమ్ము పడుతుంది.
ముందు ఉత్త చొక్కాని ఒకసారి నొక్కాలి,
ఆవిరి పోవాలి,
లేకపోతే మెరుపు పట్టదు.
నోలీన్ చెప్పిన మొదటి పాఠం ఇది.
రెండోది, తొందరపడకు.

నల్ల చొక్కా మీద స్క్రీన్ దించి
స్క్వీజీతో జిగురు లాగుతాను.
రంగు కాదు, జిగురే,
చిక్కటి గంజిలా.
నలుపు మీద తడి తళుకు తప్ప
రాసిందేమిటో తలవంచి చూస్తే గానీ తెలీదు.
దాన్ని సగమే ఉడికించాలి.
పూర్తిగా ఉడికితే మొండికేస్తుంది,
పచ్చిగా ఉంటే ఇగిరిపోయి అక్షరం అలుక్కుపోతుంది.
మెతుకు పట్టి చూసినట్టు
బొటనవేలితో అలా తాకి చూస్తాను.

అప్పుడు ఫాయిల్.
చుట్ట విప్పితే ట్యూబులైటు ముక్కలుముక్కలై
గోడల మీద పాకుతుంది.
మావైపు దీన్ని కాకిబంగారం అంటాం అన్నాను.
కాకి ఎందుకొచ్చింది మధ్యలో, అంది నోలీన్.
నాకూ తెలీదు.
ఈ ఊరి కింద మాత్రం ఒకప్పుడు అసలుదే ఉండేదట,
ఓడలెక్కి వచ్చి తవ్వుకున్నారట.
ఆ గుంతలు పూడ్చిన చోట సూపర్‌మార్కెట్టు,
దాని కార్ల పార్కింగు,
దాని వెనక మేము.

నూట అరవై డిగ్రీలు, పది అంకెలు.
నేను తెలుగులో లెక్కపెడతాను,
పక్క మెషీను దగ్గర క్వాంగ్ వియత్నామీస్‌లో.
ఇద్దరం ఒకేసారి పదికి చేరతాం.
ఆ తర్వాత చల్లారేదాకా చేతులు కట్టుకు నిలబడటమే
అసలు పని.
మూల పట్టుకుని లాగితే
జిగురున్న చోట బంగారం ఉండిపోతుంది,
లేనిచోట ప్లాస్టిక్‌తో పాటు సర్రున లేచొస్తుంది.

ఆడవాళ్ళ లాన్ బౌల్స్ క్లబ్బుకి యాభై ఏళ్ళు.
ముప్పై రెండు చొక్కాలు,
ఒక్కటి కూడా ఎక్కువ తెప్పించలేదు నోలీన్.

ఇరవై ఏడోది లాగాను.
అక్షరాల కింద, కాస్త ఎడమకి,
బొటనవేలంత బంగారం.
గీత గీతా ఉంది, సుడిలో సుడి,
పోయినేడు కట్టర్ తెగిన గాటుతో సహా.

వీసా పొడిగింపుకి మెల్‌బోర్న్ వెళ్తే
ఇదే వేలు గాజు మీద నాలుగుసార్లు పెట్టించారు.
రాలేదు, తుడిచి పెట్టండి.
రాలేదు, గట్టిగా పెట్టండి.
స్క్రీన్లు కడిగే మందు తినేసిందని చెబితే
ఆ కుర్రాడు నవ్వనైనా లేదు.
ఇక్కడ ఎవరూ అడక్కుండా
ఒక్క నొక్కుకి వచ్చి కూర్చుంది.

మా ఊళ్ళో వేలిముద్ర అంటే తిట్టు.
ఎంకామ్ ఫస్ట్ క్లాసు నేను.

గోరుతో గీకాను.
టేపు అంటించి పీకాను.
నూలు లేచింది గానీ అది కదల్లేదు.
అక్కరకి ఊడి రావలసిన చోట మాత్రం
ఎంత నిజాయితీయో కాకిబంగారానికి!
నోలీన్ చూసి ఏమీ అనలేదు.
ఆ అనకపోవడానికి
మధ్యాహ్నమంతా తలెత్తలేదు నేను.

శనివారం బెరిల్ వచ్చింది,
క్లబ్బు కార్యదర్శి, ఎనభై దాటినావిడ.
బల్ల మీద పరిచి ఒక్కోటీ లెక్కపెట్టుకుంది.
అడుగున దాచినదాన్నే ముందు పట్టుకుంది.
కళ్ళజోడు పైకి నెట్టి
"ఎవరిదీ వేలు?"
చెయ్యెత్తాను, బళ్ళో లాగా.

"ఇది నాకు" అంది.
"నా బంతీ అంతే,
ఎటు గురిపెట్టినా కాస్త ఎడమకే పోతుంది."

డబ్బు తగ్గిస్తానంది నోలీన్. ఒప్పుకోలేదు.
నేను చెప్పవలసినవి చెప్పాను,
తిరగేసి ఉతకాలి, చన్నీళ్ళే, డ్రయ్యరు వద్దు,
ఇస్త్రీ దగ్గరికి రానివ్వద్దు,
ఎంత చేసినా ఇరవై ఉతుకులకి పగుళ్ళిస్తుంది.

"ఇరవైయా" అంది బెరిల్.
అట్టపెట్టె చంకన పెట్టుకుని
తలుపు దగ్గర ఆగి
పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది.

"సరిపోతాయిలే."